విజిటర్ వీసా తిరస్కరించారా? రెండోసారి దరఖాస్తుకు ముందు ఇవి చూసుకోండి

కూతురికి నెలలు నిండుతున్నాయి. కాన్పు సమయానికి దగ్గర ఉండాలని అమ్మానాన్నలు వీసాకు దరఖాస్తు చేసుకున్నారు. అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఎదురుచూసి, ఊరి నుంచి హైదరాబాద్ వచ్చి, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో కౌంటర్ ముందు నిలబడ్డారు. అధికారి మూడు నాలుగు ప్రశ్నలు అడిగారు. ఫైలులో పెట్టుకెళ్లిన కాగితాలేవీ చూడలేదు. పాస్‌పోర్టులతో పాటు ఒక కాగితం చేతిలో పెట్టి పంపేశారు.

పిల్లలు విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది కొత్త కాదు. ఆ సాయంత్రం ఇంట్లో మొదట వినిపించే మాట ‘మళ్లీ ఎప్పుడు వేద్దాం?’ అన్నదే. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది: ‘ఎందుకు ఇవ్వలేదు?’ దానికి జవాబు వెతక్కుండా వేసే రెండో దరఖాస్తు చాలావరకు మొదటిదానికి నకలుగా మిగులుతుంది. ఫీజు మాత్రం మళ్లీ పూర్తిగా కట్టాలి.

ఈ ‘ఎందుకు’ అన్నది ఒక్కో దేశం ఒక్కో తీరులో చెబుతుంది. తెలుగువారు ఎక్కువగా వెళ్లే అమెరికా, బ్రిటన్, కెనడా, యూరప్‌లోని షెంజెన్ దేశాల్లో తిరస్కరణ తర్వాత ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో చూద్దాం.

తిరస్కరణ వేరు, నిషేధం వేరు

విజిటర్ వీసా రాలేదంటే ఆ దరఖాస్తులో ఉన్న సమాచారంతో అధికారికి నమ్మకం కుదరలేదని అర్థం. ఇక ఎప్పటికీ ఆ దేశానికి వెళ్లలేరని కాదు. మామూలు తిరస్కరణ తర్వాత ఇన్ని నెలలు ఆగాలన్న నిబంధన ఈ దేశాల్లో ఎక్కడా లేదు. చట్టప్రకారం మర్నాడే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

నిషేధం వచ్చే సందర్భాలు వేరు. అబద్ధం చెప్పడం, నకిలీ పత్రం పెట్టడం, గతంలో వెళ్లినప్పుడు గడువు దాటి ఉండిపోవడం అందులో ముఖ్యమైనవి. ఉదాహరణకు అమెరికాలో గడువు దాటి 180 రోజులకు మించి అక్రమంగా ఉండి తిరిగొచ్చినవారికి 3 ఏళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉన్నవారికి 10 ఏళ్లు మళ్లీ ప్రవేశం ఉండదు.

మరో విషయం కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్, కెనడా, షెంజెన్ దేశాల తరఫున పత్రాలు, వేలిముద్రలు తీసుకునే వీఎఫ్ఎస్ వంటి కేంద్రాలకు వీసా ఇచ్చే అధికారం లేదు. అక్కడి సిబ్బందిని ‘ఎందుకు రాలేదు’ అని అడిగి లాభం లేదు.

అమెరికా: కారణం చెప్పని తిరస్కరణ

అమెరికా విజిటర్ వీసా (బీ1/బీ2) తిరస్కరణల్లో ఎక్కువగా వినిపించేది సెక్షన్ 214(బి). ఇది 1952 నాటి ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ చట్టంలోనిది. దీని ప్రకారం, అక్కడే స్థిరపడిపోయే ఉద్దేశం తనకు లేదని దరఖాస్తుదారు నిరూపించుకునేదాకా, స్థిరపడటానికే వస్తున్నారని అధికారి భావించాలి. అంటే అధికారి అనుమానానికి ఆధారం చూపనక్కర్లేదు. అనుమానం పోగొట్టాల్సిన భారం దరఖాస్తుదారుదే.

చేతికిచ్చే కాగితంలో ఈ సెక్షన్ గురించిన సాధారణ వివరణే ఉంటుంది. మీ విషయంలో అధికారికి ఏది నచ్చలేదో అందులో ఉండదు. దీనిపై అప్పీలు లేదు. కాన్సులర్ అధికారి నిర్ణయాన్ని కోర్టులు దాదాపుగా సమీక్షించవు. ఒక అమెరికా పౌరురాలి భర్తకు ఇమిగ్రెంట్ వీసా నిరాకరించిన కేసులో 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని మరోసారి సమర్థించింది. పౌరురాలి భర్త విషయంలోనే అలా ఉంటే, ‘మా అబ్బాయి అక్కడ సిటిజన్’ అన్న ఒక్క మాట పర్యాటక వీసాకు హామీ కాదని వేరే చెప్పక్కర్లేదు.

కారణం చెప్పరు కాబట్టి దాన్ని మీరే వెతుక్కోవాలి. మొదట చూడాల్సింది డీఎస్-160 ఫారం. అధికారి ప్రధానంగా ఆధారపడేది ఈ ఫారంపైన, ఇంటర్వ్యూలో మీరు చెప్పిన జవాబులపైన. మన ఇళ్లలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, ఆ ఫారాన్ని అమెరికాలో ఉన్న కొడుకో కూతురో నింపేస్తారు. అందులో ఏం రాశారో తల్లిదండ్రులకు తెలియదు. ఫారంలో మూడు వారాలని ఉంటుంది. ఇంటర్వ్యూలో నాన్న ‘ఆర్నెల్లు ఉంటాం’ అంటారు. నెల ఆదాయం గడిలో పింఛను ఒక్కటే రాసి ఉంటుంది. అమ్మ పొలం, అద్దెల గురించి చెబుతారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. కానీ కౌంటర్ అవతల ఉన్న వ్యక్తికి రెండు వేర్వేరు కథలు వినిపించాయి.

అందుకే తిరస్కరణకు గురైన రోజే చేయాల్సిన పని ఒకటుంది. అడిగిన ప్రశ్నలు, చెప్పిన జవాబులు మర్చిపోకముందే వరుసగా రాసి పెట్టుకోవాలి. తర్వాత డీఎస్-160 కాపీ తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఎక్కడుందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ తెలుగులోనూ ఇవ్వొచ్చు. ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినవారు పట్టుదలకు పోయి తడబడటం కన్నా తెలుగులో సూటిగా చెప్పడం మేలు.

పిల్లలు పంపే ఆహ్వాన లేఖలు, వారి జీతం స్లిప్పులు అమెరికా విజిటర్ వీసాకు తప్పనిసరి కావు. దరఖాస్తుదారు సొంత పరిస్థితి ఏమిటన్నదే అధికారి చూస్తారు. అయితే పిల్లలు ఏం చేస్తున్నారు, ఏ వీసాపై ఉన్నారు, ఎప్పుడు వెళ్లారు అన్న ప్రశ్నలు రావచ్చు. వాటికి జవాబు తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.

అమెరికా పౌరసత్వం వచ్చిన పిల్లలు తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం ఇప్పటికే పిటిషన్ వేసి ఉంటే, ఆ సంగతి డీఎస్-160లో చెప్పాల్సిందే. అలాంటప్పుడు ‘చూసి వచ్చేస్తాం’ అన్న మాటను నమ్మించడం సహజంగానే కష్టమవుతుంది. అటువంటి కుటుంబాలు విజిటర్ వీసాకు పదేపదే ఫీజు కట్టే ముందు ఆ పిటిషన్ ఏ దశలో ఉందో చూసుకోవాలి. 214(బి) తిరస్కరణ పర్యాటక, విద్యార్థి వంటి తాత్కాలిక వీసాలకు సంబంధించినది. గ్రీన్‌కార్డు మార్గానికి అది దానంతటదే అడ్డు కాదు.

221(జి) అయితే ఏం చేయాలి?

కొందరికి 214(బి) బదులు 221(జి) అని ఉన్న కాగితం ఇస్తారు. సాంకేతికంగా ఇదీ తిరస్కరణే. కానీ అర్థం వేరు. ఏదో ఒక పత్రం తక్కువైందనో, మరికొంత పరిశీలన అవసరమనో నిర్ణయాన్ని ఆపారన్నమాట. అడిగిన పత్రాన్ని ఏడాదిలోపు అందజేస్తే అదే దరఖాస్తుపై ముందుకు వెళ్తారు. ఏడాది దాటితే మళ్లీ మొదటి నుంచి ఫీజు కట్టి రావాలి. ఈ తేడా తెలియక 221(జి) రాగానే కొత్త దరఖాస్తు వేసి డబ్బు పోగొట్టుకోకూడదు.

ఇంకో మార్పు కూడా గమనించాలి. ఇంటర్వ్యూ తేదీ త్వరగా దొరుకుతుందని కొందరు థాయ్‌లాండ్ వంటి దేశాలకు వెళ్లి దరఖాస్తు చేసేవారు. సొంత దేశంలో గానీ నివాసం ఉంటున్న దేశంలో గానీ ఇంటర్వ్యూకు హాజరు కావాలని 2025 సెప్టెంబర్‌లో అమెరికా విదేశాంగ శాఖ ప్రకటించింది. కాబట్టి తిరస్కరణ తర్వాత ‘వేరే దేశంలో ప్రయత్నిద్దాం’ అన్న సలహా ఇప్పుడు పెద్దగా పనికిరాదు.

బ్రిటన్: లేఖలోని ప్రతి వాక్యానికీ జవాబుండాలి

బ్రిటన్‌లో దీనికి పూర్తి భిన్నం. సాధారణంగా ఇంటర్వ్యూ ఉండదు. నిర్ణయం పత్రాల మీదే జరుగుతుంది. తిరస్కరిస్తే కారణాలు లేఖలో రాసి ఇస్తారు. ఆ లేఖలో తరచూ కనిపించేది ఇమిగ్రేషన్ నిబంధనల్లోని ‘అపెండిక్స్ వి’, పేరా వి 4.2. వచ్చినవారు గడువులోపు తిరిగి వెళ్తారా, చెప్పిన పని కోసమే వస్తున్నారా, తరచూ వస్తూ అక్కడే కాపురం పెట్టినట్లు కాదుగదా, నిషిద్ధమైన పనులు చేయరుగదా, ఖర్చులకు డబ్బు ఉందా అన్న అయిదు అంశాలు అందులో ఉంటాయి. వీటిలో మీరు దేనిలో నిలవలేదో లేఖలో ఉంటుంది.

కుటుంబ సభ్యులను చూసేందుకు వెళ్లేవారికి ఒకప్పుడు పూర్తి అప్పీలు హక్కు ఉండేది. 2013 జూన్ 25 నుంచి దాన్ని తొలగించారు. మానవ హక్కుల ప్రాతిపదికన అప్పీలు, జుడీషియల్ రివ్యూ మిగిలాయి గానీ అవి ఖర్చుతో, కాలయాపనతో కూడినవి. చాలామందికి తిరిగి దరఖాస్తు చేయడమే ఆచరణలో ఉన్న దారి.

బ్రిటన్ తిరస్కరణల్లో ఖాతాలోని డబ్బుపై సందేహం తరచూ కనిపిస్తుంది. నెలకు 30 వేల రూపాయల పింఛను వచ్చే ఖాతాలో దరఖాస్తుకు పది రోజుల ముందు ఒక్కసారిగా 6 లక్షలు పడితే, ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అది కొడుకు పంపినదైతే తప్పేమీ లేదు. దగ్గరి బంధువు ఖర్చు భరించడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ ఆ సంగతి దాచి తమ సొంత డబ్బులా చూపించడం దెబ్బతీస్తుంది. కొడుకు ఖర్చు పెడుతున్నట్లయితే ఆ మాటే రాసి, అతని బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగ పత్రాలు జతచేయాలి.

మనవడిని చూసుకోవడానికి వెళ్తున్నామని చెప్పొచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. కొద్దికాలం వెళ్లిన నాయనమ్మ, అమ్మమ్మ పిల్లాడిని ఎత్తుకోవడం తప్పు కాదు. కానీ తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళ్లేందుకు వీలుగా ఆర్నెల్లకోసారి వంతులవారీగా వస్తున్నట్లు కనిపిస్తే, అది సందర్శన కాదు, పిల్లల సంరక్షణ పని అని అధికారి భావించే వీలుంది. ఉద్దేశాన్ని మార్చి చెప్పడం కన్నా ఎన్ని రోజులుంటారో, ఎందుకు తిరిగి రావాలో స్పష్టంగా రాయడం మంచిది.

కెనడా: అధికారి రాసుకున్న నోట్స్ చదవండి

కెనడాలో కీలకమైనది ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ ప్రొటెక్షన్ నిబంధనల్లోని 179(బి). అనుమతించిన గడువు ముగిసేసరికి దేశం విడిచి వెళ్తారని అధికారికి నమ్మకం కలగాలని అది చెబుతుంది. తిరస్కరణ లేఖల్లో సందర్శన ఉద్దేశం, కుటుంబ బంధాలు, ఆర్థిక స్థితి వంటి కారణాలు పొడిపొడిగా ఉంటాయి. అసలు కారణం తెలియాలంటే ఫైలులో అధికారి రాసుకున్న నోట్స్ చూడాలి. సమాచార హక్కు లాంటి అక్కడి చట్టం కింద 5 డాలర్ల ఫీజుతో, కెనడాలో ఉన్న పిల్లల ద్వారా వీటిని తెప్పించుకోవచ్చు. 2025 జులై చివరి నుంచి కొన్ని రకాల తాత్కాలిక వీసాల తిరస్కరణ లేఖలతోనే ఈ నోట్స్‌ను జతచేయడం మొదలుపెట్టారు. నోట్స్ చదవకుండా రెండో దరఖాస్తు వేయడం చీకట్లో రాయి విసరడమే.

నిర్ణయం అన్యాయమనుకుంటే, కెనడా బయట తీసుకున్న నిర్ణయాలపై 60 రోజుల్లోగా అక్కడి ఫెడరల్ కోర్టును ఆశ్రయించొచ్చు. కోర్టు వీసా ఇవ్వదు. నిర్ణయం సహేతుకంగా లేదని తేలితే మరో అధికారి పునఃపరిశీలనకు పంపుతుంది.

తల్లిదండ్రులు, తాతయ్య అమ్మమ్మలకు ‘సూపర్ వీసా’ అనే మరో దారి ఉంది. 2022 జులై నుంచి దీనిపై ఒక్కసారి వెళ్తే 5 ఏళ్ల వరకు ఉండొచ్చు. అక్కడున్న పిల్లలకు నిర్ణీత కనీస ఆదాయం, వెళ్లేవారికి కనీసం లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా ఉండాలి. ఎక్కువ కాలం ఉండాలన్నదే అసలు ఉద్దేశమైతే, మామూలు విజిటర్ వీసాకు బదులు దీనికి అర్హత ఉందేమో చూడాలి. మీ ఉద్దేశానికి సరిపడే వీసా అడగడం సగం పని.

షెంజెన్: టిక్కు పడిన గడిలోనే జవాబు

యూరప్‌లోని షెంజెన్ దేశాలన్నిటికీ 2009 నాటి వీసా కోడ్ ఒక్కటే వర్తిస్తుంది. తిరస్కరించినప్పుడు కారణాల జాబితా ఉన్న ప్రామాణిక పత్రంలో వర్తించే గడికి టిక్కు పెట్టి ఇస్తారు. ప్రయాణ ఉద్దేశానికి తగిన ఆధారం లేదు, ఖర్చులకు డబ్బు చూపలేదు, సమర్పించిన సమాచారం నమ్మదగినట్లుగా లేదు, తిరిగి వెళ్తారన్నది సందేహమే వంటివి అందులో ఉంటాయి. కనీసం 30 వేల యూరోల ప్రయాణ వైద్య బీమా లేకపోవడం కూడా ఒక కారణమే. ఇది సరిచేసుకోవడం తేలిక.

ఇక్కడ అప్పీలు హక్కు ఉంది. గడువు, పద్ధతి దేశాన్ని బట్టి మారతాయి. అవి తిరస్కరణ పత్రంలోనే ఉంటాయి. అయితే రాయబార కార్యాలయానికే అభ్యంతరం రాసి పంపే ఉచిత పద్ధతిని జర్మనీ 2025 జులై 1 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు అక్కడ కొత్త దరఖాస్తు లేదా కోర్టు, ఈ రెండే దారులు.

ఫ్రాన్స్ ఇవ్వలేదని వెంటనే ఇటలీకో స్విట్జర్లాండ్‌కో దరఖాస్తు చేయమనే సలహాను నమ్మొద్దు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నియమం. తిరస్కరణ వివరాలు ఉమ్మడి వీసా సమాచార వ్యవస్థలో 5 ఏళ్లపాటు ఉంటాయి. మరో దేశం అధికారికి కూడా అవి కనిపిస్తాయి.

రెండోసారి ఏం మారాలి?

దేశం ఏదైనా అధికారి వెతికేది దాదాపు ఒకటే: ఎందుకు వెళ్తున్నారు, ఎవరి డబ్బుతో వెళ్తున్నారు, ఎందుకు తిరిగొస్తారు. రెండో దరఖాస్తులో వీటిలో ఏదో ఒకదానికి మొదటిసారి కన్నా మెరుగైన జవాబుండాలి. ఆ మార్పు రెండు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, పరిస్థితే మారడం: కొత్త ఉద్యోగం స్థిరపడటం, వేరే దేశాలకు వెళ్లి గడువులోగా తిరిగి రావడం, ప్రయాణ ఉద్దేశం మారడం. రెండోది, ఉన్న పరిస్థితినే సరిగా చూపించడం.

మన దగ్గర రెండోదే ఎక్కువ అవసరం. వ్యవసాయ ఆదాయంపై కేంద్ర ఆదాయపు పన్ను లేదు. దీంతో ఎకరాల కొద్దీ పొలం ఉన్న రైతుకు కూడా ఆదాయపు పన్ను రిటర్నులు ఉండకపోవచ్చు. విదేశీ అధికారికి ఆయన కాగితాల్లో ఆదాయం లేని మనిషిగా కనిపిస్తారు. పట్టాదారు పాస్‌పుస్తకం, పంట అమ్మిన రసీదులు, ఆ డబ్బు బ్యాంకులో పడిన ఎంట్రీలు, కౌలు ఒప్పందాలు ఉంటే అవి ఆ లోటును పూడుస్తాయి. వాటిలో తెలుగులో ఉన్నవాటికి ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. పొలం విలువ ఇన్ని కోట్లని చెప్పే వాల్యుయేషన్ సర్టిఫికెట్ కన్నా, ఏటా దాని నుంచి ఎంత వస్తోందో చూపే బ్యాంకు ఎంట్రీలు ఎక్కువ పనిచేస్తాయి.

పేర్ల తేడా మరో చిక్కు. తల్లి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కొడుకు పాస్‌పోర్టులో తల్లి పేరు దగ్గర ఇంటిపేరే ఉండదు. పాతతరం పెళ్లిళ్లకు రిజిస్ట్రేషన్ పత్రం ఉండదు. బంధుత్వమే రుజువు కాకపోతే ‘కొడుకును చూడటానికి’ అన్న మాటకు ఆధారం పోతుంది. రెండో దరఖాస్తుకు ముందు వీటిని సరిచేయించుకోవడానికి నెల పట్టినా నష్టం లేదు.

దంపతులు కలిసి దరఖాస్తు చేసినా నిర్ణయం ఎవరిది వారిదే. ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవచ్చు. అప్పుడు వీసా వచ్చినవారు వెళ్లి గడువులోగా తిరిగి రావడం ఆ కుటుంబానికి మంచి రికార్డు అవుతుంది.

పాత తిరస్కరణను దాచొద్దు

అమెరికా ఫారంలో గతంలో ఆ దేశ వీసా నిరాకరించారా అని అడుగుతారు. బ్రిటన్, కెనడా ఫారాల్లో ఏ దేశమైనా నిరాకరించిందా అని అడుగుతారు. ‘లేదు’ అని రాయడం ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వలస సమాచారాన్ని పరస్పరం పంచుకుంటాయి. అమెరికా తిరస్కరణను కెనడా ఫారంలో దాచి దొరికిపోయినవారి కేసులు కెనడా ఫెడరల్ కోర్టు ముందుకు పలుమార్లు వచ్చాయి.

శిక్షలు కూడా తీవ్రంగా ఉంటాయి. తప్పుడు సమాచారానికి కెనడాలో 5 ఏళ్లు, మోసపూరిత దరఖాస్తుకు బ్రిటన్‌లో 10 ఏళ్ల నిషేధం ఉంది. అమెరికాలో కీలక విషయంపై కావాలని అబద్ధం చెప్పినట్లు తేలితే సెక్షన్ 212(ఏ)(6)(సి) కింద జీవితకాలం అనర్హులవుతారు. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప వెళ్లలేరు. మామూలు తిరస్కరణను మరో ప్రయత్నంతో దాటొచ్చు. అబద్ధం వల్ల వచ్చిన మచ్చను దాటడం కష్టం. నిజం రాస్తూ, అప్పుడు ఎందుకు రాలేదో, ఇప్పుడు ఏం మారిందో రెండు మూడు వాక్యాల్లో చెప్పేస్తే చాలు.

ఏజెంట్లతో జాగ్రత్త

తిరస్కరణ తర్వాతే ‘గ్యారంటీ వీసా’ అనేవారి ఫోన్లు ఎక్కువవుతాయి. ఏ దేశంలోనూ ఏ ఏజెంటుకూ అలాంటి హామీ ఇచ్చే వీల్లేదు. కొద్ది రోజులు ఖాతాలో డబ్బు వేసి తీసేవారు, లేని ఉద్యోగానికి లేఖ సృష్టించేవారు దొరికిపోతే నిషేధం పడేది దరఖాస్తుదారు పేరు మీదే. ఫారం ఎవరు నింపినా అందులోని ప్రతి అక్షరానికీ బాధ్యత మీదే. డీఎస్-160లో ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. కెనడా విషయంలో డబ్బు తీసుకుని సలహా ఇవ్వాలంటే అక్కడి లైసెన్సు ఉన్న కన్సల్టెంటో న్యాయవాదో అయి ఉండాలి. మామూలు తిరస్కరణకు లాయర్ అవసరం ఉండకపోవచ్చు. అబద్ధం చెప్పారన్న ఆరోపణ లేఖలో కనిపిస్తే మాత్రం మళ్లీ దరఖాస్తు చేసేముందు ఆ దేశ చట్టం తెలిసిన న్యాయవాదిని కలవాల్సిందే.

ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

పత్రం ఒక్కటే తక్కువైతే, అది చేతికొచ్చిన రోజే వేయొచ్చు. తిరిగొస్తారన్న నమ్మకం కలగకపోవడమే కారణమైతే, పరిస్థితి కాస్తయినా మారేదాకా ఆగడం మేలు. కాన్పు తేదీ దగ్గరపడిందన్న తొందర కుటుంబానిది. అధికారి దాన్ని లెక్కలోకి తీసుకోవాలని లేదు. పైగా ఆ తొందరలో వేసిన రెండో దరఖాస్తు కూడా తిరస్కరణకు గురైతే, మూడోసారి రెండింటికీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. బిడ్డ పుట్టాక, మొదటి పుట్టినరోజుకు వెళ్లేలా నింపాదిగా సిద్ధం చేసిన దరఖాస్తుకే ఎక్కువ అవకాశం ఉండొచ్చు.

ఫీజులు, ఫారాలు తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోవాలి. ఆ తర్వాత పాత దరఖాస్తును పక్కన పెట్టుకుని, ‘అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?’ అని ఇంట్లోవాళ్లు ఒకరినొకరు అడగాలి. దానికి ఒక్క వాక్యంలో జవాబు వస్తే ఫీజు కట్టొచ్చు. రాకపోతే ఇంకొన్నాళ్లు ఆగడమే మంచిది.